కడుపుతో ఉన్నప్పుడు చనుమొనలు పొడిబారి పగులుతుంటే ఏం చేయాలి, పాలివ్వడానికి ముందే ఎలా రెడీ అవ్వాలి

ఈ విషయం ఎవర్నీ అడగలేక రాత్రిపూట ఫోన్‌లో వెతుక్కునేవాళ్ళే ఎక్కువ, నేనూ అంతే. వాంతులు, కాళ్ళ వాపులు, నడుం నొప్పి అయితే అత్తయ్యకైనా ఆడపడుచుకైనా చెప్పేస్తాం, చనుమొన మీద తోలు పొట్టు పొట్టుగా లేస్తోంది, బట్ట తగిలితే మంట అని మాత్రం కన్నతల్లికి చెప్పడానికి కూడా నోరు రాదు. చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ బీపీ, బరువు, బేబీ గుండె చప్పుడు చూసి "ఇంకేమైనా ఉందా" అనేలోపు మనం చున్నీ సర్దుకుని లేచిపోతాం. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరి టైమ్‌లోనూ నేను చేసినవి, చేయకుండా ఉండాల్సినవి ఒక వరసలో చెప్తా.

అన్నిటికన్నా ముందు, మొనలు గట్టిపడాలి అనే ఆలోచన మానేయండి. మొదటి కాన్పుకి నేను తెనాలి వెళ్ళినప్పుడు పక్కింటి పెద్దమ్మ ఒకావిడ "ఇప్పట్నించే గరుకు తువ్వాలుతో రుద్దుకోవే, తోలు మొద్దుబారితే పిల్లాడు ఎంత లాగినా తట్టుకుంటావు" అంది. ఆవిడ ఐదుగురిని పెంచింది కదా అని నేనూ వారం రోజులు స్నానం అవ్వగానే రుద్దా. ఎనిమిదో రోజు పొద్దున లేచేసరికి నైటీ మొనకి అతుక్కుపోయి ఉంది, లాగితే చిన్న పొర ఊడొచ్చి నెత్తురు చుక్క. డాక్టరమ్మ తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. మొన చుట్టూ ఉండే నల్లటి వలయంలో చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి చూడండి, కడుపు వచ్చాక అవి ఇంకా లేచి కనిపిస్తాయి, చాలామంది మొటిమలనుకుని గిల్లుతారు కూడా, అవి నూనె గ్రంథులు, వాటిని మాంట్‌గోమరీ గ్రంథులు అంటారు. అక్కడి తోలుకి కావాల్సిన జిడ్డు అవే వదుల్తాయి, పుట్టిన బిడ్డ ఆ వాసన పట్టుకునే రొమ్ము వైపు జరుగుతుంది. మనం తువ్వాలుతో రుద్ది, సబ్బుతో తోమి, ఆ జిడ్డునే పోగొట్టుకుంటున్నాం. పైగా ఎనిమిది, తొమ్మిది నెలల్లో మొనల్ని ఎక్కువగా నలిపితే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై గర్భసంచి బిగుసుకుంటుంది. ఇదివరకు నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్ళు, గర్భసంచికి కుట్టు వేయించుకున్నవాళ్ళు, మాయ కిందకి ఉందన్నవాళ్ళు అసలు నలపకూడదు, లాగకూడదు.

ఇక చేయాల్సినవి.

1. ఈరోజు స్నానం నుంచే సబ్బు ఆపండి

ఒళ్ళంతా కాదండీ, ఆ వలయం, మొన వరకే. మామూలు నీళ్ళు పోస్తే చాలు, అక్కడ మురికేం ఉండదు. సున్నిపిండి అలవాటున్నవాళ్ళు ఇంకా జాగ్రత్త, పిండి ఒంటికి మంచిదే కానీ ఆ పలుకులు మొన మీద గరుకు కాగితం పెట్టి రాసినట్టే. ఐదో నెలలో రొమ్ములు పెరిగి తోలు సాగుతుంటుంది, దానికి తోడు మనం పొగలు కక్కే వేణ్ణీళ్ళు పోసుకుంటాం, ఇక పొడిబారక ఏమవుతుంది? నీళ్ళు గోరువెచ్చగా ఉంటే చాలు. హైదరాబాద్‌లో బోరు నీళ్ళ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి ఇది ఇంకో తలనొప్పి, బకెట్‌కి తెల్లగా పొర కట్టే ఆ నీళ్ళతో సబ్బు కూడా సరిగ్గా వదలదు, తోలు బిరుసెక్కిపోతుంది. మేం మియాపూర్‌లో ఉన్నప్పుడు నేను ఆఖర్లో ఒక చెంబు ఫిల్టర్ నీళ్ళు మాత్రం పైనుంచి పోసుకునేదాన్ని, మా ఆయన నవ్వేవాడు గానీ నాకు తేడా తెలిసింది. అమెరికాలోనో కెనడాలోనో చలికాలం హీటర్ వేసుకుని ఉండే అమ్మాయిలకి ఒళ్ళంతా పొడిబారుతుంది కాబట్టి మొనలూ అంతే, దానికి గాభరా పడక్కర్లేదు.

స్నానం అయ్యాక తుడవడం కాదు, మెత్తటి పాత కాటన్ గుడ్డతో అద్దాలి. అద్దడం అంటే పసిపిల్లల మొహం అద్దినట్టు.

2. తడి పూర్తిగా ఆరకముందే కొంచెం నూనె

కొబ్బరినూనె చాలు, నిజంగా చాలు. ఇంట్లో తలకి రాసుకునే మందారం నూనె, ఉసిరి నూనె, చల్లదనం ఇచ్చే సెంటు నూనెలు కాదు, ఏమీ కలపనిది. మొనకి పెసరగింజంత, రెండు వైపులా, స్నానం అయిన రెండు మూడు నిమిషాల్లోపు. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి. అంతకన్నా ఎక్కువ రాస్తే నైటీ జిడ్డు అవ్వడం తప్ప లాభం లేదు.

దానికి తగ్గకపోతే మెడికల్ షాపులో లానోలిన్ క్రీమ్ అడగండి. గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం లాంటిది, ట్యూబ్‌లోంచి గట్టిగా జిగురుగా వస్తుంది, అలాగే పెట్టి రుద్దితే తోలు లాగుతుంది కాబట్టి ముందు రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని వేడికి కరిగాక పైపైన అద్దండి. కాన్పు అయ్యాక కూడా ఇదే వాడొచ్చు, బిడ్డకి పాలిచ్చే ముందు తుడవక్కర్లేదు. ఉన్ని పడనివాళ్ళు ముందు మోచేతి లోపల రాసి ఒక రోజు చూసుకోండి.

రాయకూడనివి కూడా చెప్తా ఎందుకంటే ప్రతి ఇంట్లో ఒక సలహా ఉంటుంది. నిమ్మరసం వద్దు, పసుపు ముద్ద వద్దు (ఎండితే ఇంకా లాగుతుంది), సెంటు ఉన్న బాడీ లోషన్ వద్దు, డెట్టాల్ నీళ్ళు అసలు వద్దు. ఆముదం కొంతమంది రాస్తారు, కడుపుతో ఉన్నప్పుడు పైన రాస్తే పెద్ద నష్టం లేదు కానీ బిడ్డ పుట్టాక ఆ జిడ్డు బిడ్డ నోట్లోకి పోతుంది, ఆముదం పని ఏంటో మనకి తెలుసు కదా, కాబట్టి అప్పుడు మాత్రం వద్దు.

3. లోపలి బట్టలు

చాలామందికి అసలు కారణం ఇక్కడే ఉంటుంది, ఎవరూ అనుమానించరు. ఐదో నెలలో కూడా పెళ్ళికి ముందు కొన్న బ్రానే బిగించుకుని తిరుగుతాం, మొన రోజంతా కుట్టు మీద రాపిడి అవుతూనే ఉంటుంది. ఒక సైజు పెద్దది, వైరు లేనిది, కాటన్‌ది తీసుకోండి. పాలిచ్చే బ్రాలు ఎనిమిదో నెల దాటాక కొనండి, అంతకుముందు కొంటే సైజు మళ్ళీ మారుతుంది, కట్టు కింద రెండు వేళ్ళు తేలిగ్గా దూరాలి. ఉతికేటప్పుడు సర్ఫ్ వదిలేదాకా ఇంకో నీళ్ళు ఎక్కువ పెట్టండి, కంఫర్ట్ లాంటివి వేయకండి, ఎండలో ఆరేయండి. సిగ్గుపడి చీర కిందో తువ్వాలు కిందో ఆరేస్తే చెమ్మ వదలదు, ఆ చెమ్మకే దురదలు వస్తాయి.

ఇంట్లో ఉన్నప్పుడు కాసేపు బ్రా లేకుండా వదులు నైటీలో ఉండండి, ఎవరేమనుకుంటారో అని మే నెల ఎండల్లో కూడా బిగించుకుని కూర్చోకండి.

4. పసుప్పచ్చ చెక్కు కనిపిస్తే గిల్లకండి

నేను మొదటిసారి చూసి చీము అనుకున్నా. ఎనిమిదో నెల, పొద్దున నైటీ మీద రూపాయి బిళ్ళంత మరక, గంజి పెట్టినట్టు గట్టిగా, మొన కొసన తేనె ఎండినట్టు చిన్న చెక్కు. అది ముర్రుపాలు. నాలుగో నెల దాటినప్పట్నించే ఒంట్లో ముర్రుపాలు తయారవడం మొదలవుతుంది, కొంతమందికి ఆఖరి మూడు నెలల్లో చుక్క చుక్క కారుతుంది, కొంతమందికి అస్సలు కారదు, కారకపోతే పాలు ఉండవని కాదు. ఆ చెక్కుని గోటితో గిల్లితే కింద పచ్చి తోలు లేస్తుంది. గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి రెండు నిమిషాలు ఆన్చి ఉంచితే దానంతట అదే మెత్తబడి వచ్చేస్తుంది. కారేవాళ్ళు పాత కాటన్ చీర ముక్కలు అరచేయంత కత్తిరించి నాలుగు మడతలు పెట్టి లోపల పెట్టుకోండి, తడిసిన వెంటనే మార్చండి. ప్లాస్టిక్ పొర ఉన్న ప్యాడ్లు బయటికి వెళ్ళేటప్పుడే, రోజంతా పెట్టుకుంటే మొన నాని పగులుతుంది.

కారుతోంది కదా అని పిండి చూడకండి. సుగర్ ఉన్నవాళ్ళకి మాత్రం కొన్నిచోట్ల డాక్టర్లే 36 వారాలు దాటాక చేత్తో ముర్రుపాలు తీసి దాచమంటారు, బిడ్డకి పుట్టగానే సుగర్ పడిపోతే పనికొస్తాయని, అది డాక్టర్ చెప్తేనే.

5. ఇలా ఉంటే ఇంటి వైద్యం ఆపి చూపించండి

పొడిబారడం రెండు వైపులా ఉండి, నూనె రాస్తే వారం పది రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. ఒక వైపే పొలుసులు కట్టి, నెలైనా తగ్గకుండా, నెత్తురు చెమర్చడం, మొన ఉన్నట్టుండి లోపలికి లాగేయడం, గడ్డ తగలడం ఉంటే "కాన్పు అయ్యాక చూద్దాం" అనకండి, వెంటనే చూపించండి. ఎర్రగా మెరుస్తూ మంట, దురద ఉంటే ఫంగస్ కావచ్చు, ఎగ్జిమా కావచ్చు, వాటికి మందులు వేరు, షాపులో అడిగి ఏదో స్టెరాయిడ్ ట్యూబ్ కొనేయకండి. ఇంకొకటి, దురద మొనలకే కాకుండా అరచేతులు, అరికాళ్ళల్లో రాత్రిళ్ళు నిద్ర పట్టనంత ఉంటే అది తోలు సమస్య కాదు, లివర్‌కి సంబంధించినది కావచ్చు, అదే రోజు ఫోన్ చేయండి.

6. మొన బయటికి ఉందా లోపలికి ఉందా చూసుకోండి

ఒక్కసారి చూస్తే చాలు. బొటనవేలు, చూపుడువేలు నల్లటి వలయం అంచున పెట్టి మెల్లగా నొక్కండి. మొన ముందుకి వస్తే ఏం లేదు. ఉన్నచోటే ఉంటే చదునుది, లోపలికి పోతే లోపలి మొన. లోపలికి ఉన్నా భయపడక్కర్లేదు, బిడ్డ లాగేది మొనని కాదు, వలయంతో కలిపి రొమ్ముని నోటినిండా పట్టుకుంటుంది. దీనికి ఇదివరకు కడుపుతో ఉన్నప్పుడే మొనలు లాగే ఎక్సర్‌సైజులు, ప్లాస్టిక్ చిప్పలు పెట్టుకోవడం చెప్పేవాళ్ళు, వాటివల్ల లాభం కనపడలేదని ఇప్పుడు చెప్పడం మానేశారు. డాక్టరమ్మకి, కాన్పు గదిలో సిస్టర్‌కి ముందే చెప్పి ఉంచండి. బిడ్డ పుట్టాక సిరంజితో చిన్న ఉపాయం చేస్తారు, 10 లేదా 20 ఎమ్ఎల్ సిరంజి ముక్కు వైపు కోసేసి, పిస్టన్‌ని ఆ కోసిన వైపు నుంచి దూర్చి, నున్నగా ఉన్న అంచుని రొమ్ముకి ఆన్చి మెల్లగా లాగి అర నిమిషం పట్టుకుంటే మొన బయటికి వస్తుంది, వెంటనే బిడ్డకి అందించాలి. ఇది కాన్పు అయ్యాకే, సిస్టర్ ఒకసారి చూపించాకే.

7. అసలు ప్రిపరేషన్ ఇదే: పట్టు నేర్చుకోవడం

పగుళ్ళు మొన మెత్తగా ఉండబట్టి రావు, చాలావరకు బిడ్డ పట్టు సరిగ్గా లేకపోతే వస్తాయి. నేను తువ్వాలుతో పెట్టిన టైమ్ దీని మీద పెట్టి ఉంటే మొదటి పది రోజులు పళ్ళు బిగించి ఏడ్చేదాన్ని కాదు. ఇప్పుడే ఒక దిండో బొమ్మో పట్టుకుని ప్రాక్టీస్ చేయండి, సిగ్గేం లేదు, మా వదిన రెండు లీటర్ల నీళ్ళ బాటిల్‌తో చేసింది.

ముందు మీరు వెనక్కి ఆనుకుని హాయిగా కూర్చోండి, వీపు వెనక దిండు, ఒళ్ళో దిండు. బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనాలి, మెడ తిప్పి తాగేలా ఉండకూడదు, మనమూ మెడ పక్కకి తిప్పి నీళ్ళు తాగలేం కదా. మొన బిడ్డ ముక్కుకి ఎదురుగా రావాలి, నోటికి కాదు. మొనతో పై పెదవి మీద మెల్లగా తగిలిస్తే బిడ్డ ఆవులించినంత పెద్దగా నోరు తెరుస్తుంది, ఆ క్షణంలో బిడ్డని దగ్గరికి తీసుకోవాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, వంగిపోయి రొమ్ముని బిడ్డ నోట్లో కుక్కుతారు, దాంతో నడుం పోతుంది, మొనా పోతుంది. సరిగ్గా పడితే గడ్డం రొమ్ముకి ఆని ఉంటుంది, కింది పెదవి బయటికి విచ్చుకుని ఉంటుంది, వలయం కిందకన్నా పైన ఎక్కువ కనపడుతుంది, గుటక చప్పుడు వినపడుతుంది, చప్పరిస్తున్న టక్ టక్ సౌండ్ ఉండదు. మొదటి కొన్ని సెకన్లు చురుక్కుమన్నా తర్వాత తగ్గాలి. తగ్గకపోతే ఓర్చుకోకండి, మీ చిటికెన వేలు బిడ్డ నోటి చివర దూర్చి పట్టు వదిలించి మళ్ళీ పట్టించండి. పాలు తాగి వదిలాక మొన ఒక వైపు చెక్కిన లిప్‌స్టిక్‌లా వాలుగా కనిపిస్తే పట్టు లోతుగా లేదని అర్థం.

ఆపరేషన్ అయితే కుట్ల మీద బరువు పడకుండా బిడ్డని చంక కింద, కాళ్ళు వెనక్కి ఉండేలా పట్టుకోవచ్చు, లేదా పక్కకి తిరిగి పడుకుని ఇవ్వచ్చు.

అప్పటికీ పగిలితే పాలిచ్చాక ఒక చుక్క మీ పాలే మొనకి రాసి గాలికి ఆరనివ్వండి, తర్వాత లానోలిన్. వెన్నపూస పెట్టే అలవాటు మా వైపు ఉంది, పెట్టినా పట్టు మారకపోతే మళ్ళీ పగులుతుంది.

8. ఇంట్లోవాళ్ళని ఇప్పుడే రెడీ చేయండి

ఇది మొనల కన్నా కష్టం. బిడ్డ పుట్టిన గంటలోపు రొమ్ముకి పట్టించాలి, ఆపరేషన్ అయినా వెన్నుకి మత్తు ఇచ్చి చేసినవాళ్ళు తొందరగానే ఇవ్వచ్చు. ఆ తర్వాత 6 నెలలు తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, మంచినీళ్ళు కూడా. కానీ మన ఇళ్ళల్లో ముర్రుపాలు పిండి పారబోయడం, తేనె నాకించడం, పంచదార నీళ్ళు దూదితో పిండటం ఇంకా ఉన్నాయి. తేనె ఏడాది లోపు పిల్లలకి ప్రమాదం, బొటులిజం అనే జబ్బు రావచ్చు. అప్పటికప్పుడు కాన్పు గదిలో అత్తయ్యతో వాదించే ఓపిక ఉండదు, అందుకే ఏడో నెలలోనే, సీమంతం సందడిలో అందరూ మంచి మూడ్‌లో ఉన్నప్పుడే మాట్లాడండి. నేను వాదించలేదు, చెకప్‌కి అత్తయ్యని తీసుకెళ్ళి డాక్టరమ్మ చేతే చెప్పించా, మనం చెప్తే "మేం పెంచలేదా" అంటారు, డాక్టరమ్మ చెప్తే ఊరంతా చెప్తారు.

"పాలు పడలేదు" అనే మాటకి కూడా ముందే సిద్ధంగా ఉండండి. మొదటి రెండు రోజులు చెంచా లెక్కల్లోనే వస్తాయి, బిడ్డ పొట్ట కూడా అంతే ఉంటుంది. రొమ్ములు బరువెక్కి పాలు దిగడం రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు, ఆపరేషన్ అయితే కొంచెం ఆలస్యం కావచ్చు. రోజుకి 8 నుంచి 12 సార్లు పట్టించాలి, అప్పుడే చేపు వస్తుంది, ఆవుకైనా మనిషికైనా దూడ పొడిస్తేనే కదా. సరిపోతున్నాయా లేదా అన్నదానికి బిడ్డ ఏడుపు కాదు లెక్క, ఉచ్చ లెక్క. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా ఐదారు రోజులకి ఆరు దాటాలి, తారులా నల్లగా వచ్చే దొడ్డి నాలుగైదు రోజులకి పసుప్పచ్చగా మారాలి. పుట్టిన బరువులో కొంచెం తగ్గడం మామూలే, పది పద్నాలుగు రోజులకి తిరిగి వచ్చేయాలి, ఉచ్చ తగ్గినా బిడ్డ మత్తుగా పడుకుని తాగకపోయినా మాత్రం ఆగకుండా చూపించండి.

9. బ్యాగ్‌లో పెట్టుకునేవి

ముందు బటన్లున్న నైటీలు మూడు, పాలిచ్చే బ్రాలు రెండు, ఉతికిన కాటన్ ముక్కలు ఒక డజను, లానోలిన్ ట్యూబ్, ఒళ్ళో పెట్టుకోవడానికి గట్టి దిండు ఒకటి, హాస్పిటల్ దిండ్లు అప్పడాల్లా ఉంటాయి. పాలసీసా, డబ్బా పాలు పెట్టకండి, ఉంటే రాత్రి మూడింటికి ఎవరో ఒకరు కలిపేస్తారు. అమెరికాలో ఉన్నవాళ్ళు బ్రెస్ట్ పంప్ కొనే ముందు ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేయండి, చాలా ప్లాన్లు ఫ్రీగా ఇస్తాయి.

ఇంకొకటి, మొదటిసారి నన్ను అడక్కుండానే నర్సరీలో బాబుకి డబ్బా పాలు పట్టేశారు, అప్పుడు నాకు ఓపికా లేదు తెలివీ లేదు. రెండోసారి ఒక తెల్ల కాగితం మీద "బిడ్డకి తల్లిపాలే, ఏదైనా వేరే ఇవ్వాలంటే ముందు మాకు చెప్పండి" అని పెద్ద అక్షరాలతో రాసి ఫైల్ మీద పిన్ చేశా, మా ఆయన్ని నర్సరీ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోమన్నా. పాపం రాత్రంతా కూర్చున్నాడు, పొద్దున సిస్టరమ్మ వచ్చి "మీ ఆయన్ని పంపించమ్మా, ప్రతి బిడ్డకీ లేచి నిలబడుతున్నాడు" అంది.